గొట్టానికి మూరెడు దూరం

నవంబరు 5

మళ్లీ తడే. ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది, పిండితే తేమ తగులుతుంది. వేడిగా ఉన్న తడిగుడ్డ ఎలా ఉంటుందో మా చింతామణి ఊళ్లో నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

పొద్దున మురుగమల్ల దర్గా దగ్గరి లాడ్జి దుప్పట్లు డ్రయర్‌లో వేశాను. తీస్తే తడి. మళ్లీ వేశాను, మళ్లీ తడి. మూడోసారి తలుపు తెరిస్తే ఇస్త్రీపెట్టె కింద మరిచిపోయిన గుడ్డ వాసన. మధ్యలో ఎర్రబడింది, అంచులు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. కాలడమూ, ఆరకపోవడమూ ఒకే దుప్పటికి ఒకేసారి ఎలా జరుగుతాయో ఎవరైనా చదువుకున్నవాళ్లు చెప్పాలి. నేను బీకాం మాత్రమే.

మా ఆయన యశస్ వచ్చి చూశాడు. మరను కాదు, దాని మీదున్న వేడి మీటను.

"మీడియంలో యాల పెట్టినావు? ఫుల్లు పెట్టు. వేడి ఎక్కువైతే తొందరగా ఆరతాది కదా."

ఫుల్లు పెట్టి, గొప్ప పని చేసినట్టు చేతులు దులుపుకుని అంగడికి పోయాడు. ఈయనకు ప్రపంచంలో ప్రతి మీటా చివరిదాకా తిప్పడానికే ఉంది. ఫ్యానూ అంతే, టీవీ చప్పుడూ అంతే.

దసరాకు ఆయుధపూజ చేసి ఈ లాండ్రీ మొదలుపెట్టాను. దీపావళి దాకా మర బంగారంలా పనిచేసింది. ఒక్క దుప్పటి వెనక్కి రాలేదు. పండగ అయ్యాక దానికేం మాయరోగం వచ్చిందో తెలియదు.

సాయంత్రం వేసిన విడత మాత్రం చక్కగా, కరకరలాడుతూ ఆరింది. అదే మర, అవే దుప్పట్లు. ఇది నన్ను ఏడిపించడానికే పుట్టింది.

నేను ఏడవలేదు.

నవంబరు 7

మధ్యాహ్నం భోజనాల దగ్గర మామగారు నా వైపు చూడకుండా, పెరుగు గిన్నెతో చెప్పారు.

"కార్తీకం అయ్యేదాకా చూస్తాం. కాకుంటే గది ఖాళీ చెయ్యల్లమ్మా. చెనక్కాయ మూటలు పెట్టేకి తావు చాల్లేదు."

అది మొదట ఆయన అంగడి సరుకు పెట్టుకునే గదే. ఇంటి వెనక భాగంలో, పెరటి గోడకు ఆనుకుని ఉంటుంది. నేను సున్నం కొట్టించి, నేల గట్టి చేయించి, వాషింగ్ మిషన్లూ డ్రయరూ దింపాను. ఆ గదిలో నా చేత్తో పెట్టని మేకు లేదు. ఈ ఇంట్లో నాకంటూ ఉన్న చోటు అదొక్కటే. వంటింట్లో నేను కోడలిని, అంగడికి పోతే యజమాని కొడుకు భార్యని. ఆ గదిలో మాత్రం నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు "నమ్రతమ్మ ఉండారా?" అని అడుగుతారు.

యశస్ అన్నం కలుపుకుంటూ కూర్చున్నాడు. ఇంకొంచెం చారు పొయ్యమన్నాడు.

నాకు కోపం రాలేదు. ఈ విషయం స్పష్టంగా రాసి పెట్టుకుంటున్నాను.

అత్తమ్మ ఒక్కరే నయం. మర విషయంలో ఇంతవరకు వంక పెట్టలేదు. ఆమె లోకం ఆమెది. కార్తీకమంతా రోజూ మడి. చీకటుండగానే స్నానం, మడిచీర కట్టుకుని పూజ. అది అయ్యాక మర్నాటికి ఇంకో చీర తానే ఉతికి, పెరట్లో దండెం మీద కర్రతో ఆరేస్తారు. చెయ్యి తగలకూడదు. ఆరాక మళ్లీ కర్రతోనే తీసి దేవుడి గదిలో ఎత్తుగా వేసుకుంటారు. అంతదాకా పెరటివైపు మాకెవరికీ దారి లేదు. కాపురానికి వచ్చిన వారంలోనే ఈ పాఠం నేర్పేశారు. సరే, ఎవరి మడి వాళ్లది. నా గదిలోకి ఆమె రారు, ఆమె పెరట్లోకి నేను పోను. అత్తాకోడళ్లకు ఇంతకంటే మంచి ఏర్పాటు ఏముంటుంది?

నవంబరు 9

ఇవాళ పద్ధతిగా చేశాను. తువ్వాళ్లు వేరు, దుప్పట్లు వేరు. మందం గుడ్డా పలచ గుడ్డా కలిపి వేస్తే పలచది మాడేదాకా మందంది ఆరదు. డ్రమ్ము సగానికే నింపాను, గుడ్డ పైకి లేచి పడడానికి చోటుండాలి. ఫిల్టర్‌లో నూగు ప్రతి విడతకూ తీశాను. వేడి మీడియం. మరతో వచ్చిన పుస్తకంలో ఏముందో అదంతా, వ్రతకథ విన్నంత శ్రద్ధగా చేశాను.

పొద్దున: తడి.

సాయంత్రం: పొడి.

ఇప్పుడు అర్థమైంది. పొద్దుటి చలి. చల్లగాలి లోపలికి పోతే మర వేడెక్కడానికి కష్టపడుతుంది. అంతే అయి ఉంటుంది.

నవంబరు 11

వాన. రోజంతా తడే, సాయంత్రం కూడా. చలి కాదు, గాలిలో తేమ. లేకపోతే నా ఖర్మ.

నవంబరు 13

చిక్కబళ్లాపురం నుంచి మెకానిక్ నందీశ్ వచ్చాడు. పొద్దున్నే వస్తానని చెప్పి భోజనాలయ్యాక దిగాడు. అప్పటికి దండెం ఖాళీ అయింది కాబట్టి పెరట్లోకి కూడా తీసుకుపోయి చూపించాను. డ్రయర్ నుంచి వేడిగాలి బయటికి పోయే గొట్టం గోడలోంచి అక్కడికే తెరుచుకుంటుంది. చెయ్యి మోచేతిదాకా పెట్టి చూశాడు.

"క్లీన్‌గా ఉండాదక్కా. అడ్డం ఏమీ లేదు."

మర వేశాడు. అది అతని ముందు బుద్ధిమంతురాలిలా తిరిగింది. దుప్పట్లు అప్పడాల్లా ఆరాయి. డాక్టరు ముందు జ్వరం తగ్గిపోయే పిల్లల్ని చూశాను, మరను చూడడం ఇదే.

"ఏమక్కా, బాగానే ఉండాది కదా?"

"పొద్దున రావాల్సింది నువ్వు."

"పొద్దున ఒకటి, మధ్యానం ఒకటీ మిషన్‌కు తెలీదక్కా. మీ కరెంటు ఓల్టేజి చూపించుకోండి."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు! నేను వదల్లేదు. చివరికి నా పోరు పడలేక వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ మార్చి పోయాడు. పోతూ పోతూ "మీ తృప్తికి" అన్నాడు.

నవంబరు 15

తడి.

నవంబరు 17

ఆహా!

నిన్నా ఇవాళా పొద్దుటి విడతలన్నీ పొడి. మొదటిసారికే పొడి! దుప్పటి మడతపెడుతుంటే వెచ్చగా, తేలిగ్గా, కొత్త గుడ్డలా ఉంది. కొత్త థర్మోస్టాట్ కుదురుకోవడానికి కాస్త సమయం పట్టింది, అంతే. నందీశ్‌ను అనవసరంగా తిట్టుకున్నాను.

ఇంట్లో పనంతా నామీదే ఉన్నా అలసట తెలియలేదు. అత్తమ్మ బాగేపల్లిలో తన చెల్లెలింటికి కార్తీకదీపాలకు పోయారు. రేపు వస్తారు. మామగారికి పెసరట్లు పోశాను. "గది బాగా పెట్టుకున్నావమ్మా" అన్నారు. నేను వినీ విననట్టు చట్నీ వడ్డించాను గానీ, లోపల ఎంత సంతోషం వేసిందో.

ఇక దీని గురించి రాయాల్సిన అవసరం ఉండదు.

నవంబరు 19

తడి. తడి. తడి.

థర్మోస్టాట్ కూడా దొంగదే. నందీశ్‌కు ఫోన్ చేసి నాలుగు వాయించాను. "అక్కా, మీ ఇంట్లో ఏమన్నా గ్రహచారం ఉండాదేమో చూపించుకోండి" అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

నవంబరు 21

లాడ్జి మేనేజర్ మునినారాయణ స్వయంగా వచ్చాడు. గుమ్మంలో నిలబడే, చేతిలో ఉన్న దుప్పటిని నా ముక్కు దగ్గర పెట్టాడు.

"వాసన చూడమ్మా. దర్గాకు యాడాడి నుంచో వస్తాండారు జనం. అలిసిపోయి వచ్చి పండుకుంటే ముక్కిన వాసన. నన్ను తిడతాండారు."

నిజమే. ముక్కిన వాసనే.

"ఇంగో వారం చూడండప్పా," అన్నాను.

"నీ ముఖం చూసి చూస్తానమ్మా. వచ్చే ఆదివారం కాదు, ఆపై ఆదివారం అమావాస్య రద్దీ. ఆపొద్దు అన్ని దుప్పట్లూ పొడిగా రావాల. ఒక్కటి తడున్నా కోలారు వాళ్లకు ఇచ్చేస్తాను. తప్పుగా అనుకోవద్దు."

లాడ్జి పోతే నా దగ్గర మిగిలేది నాలుగిళ్ల బట్టలు. నాలుగిళ్ల బట్టలకు ఆ గది ఎవరిస్తారు?

ఆ ఆలోచనలోనే గోరుచిక్కుడు కూర పొయ్యి మీద పెట్టాను. మంట పెంచినా నీళ్లు నీళ్లుగానే ఉంది, అడుగు మాత్రం పట్టేస్తోంది. అత్తమ్మ వచ్చి చూసి, "మూత తియ్యమ్మా. ఆవిరి బయటికి పోకుంటే యాడ ఇగరతాది? మంట పెంచితే మాడేదే," అన్నారు. ఇప్పుడు వంట కూడా నాకు చేతకాదన్నమాట. మూత తీశాను.

నవంబరు 24

యశస్‌తో గొడవ.

నేను లేనప్పుడు గదిలోకి వచ్చి మళ్లీ ఫుల్లు పెట్టాడు. దిండు గలేబులు బొమ్మల దిండ్లకు సరిపోయేంతగా కుంచించుకుపోయాయి. రెండు దుప్పట్లు మధ్యలో గోధుమరంగు తిరిగాయి.

"ఎవురు తిప్పమన్నారు మిమ్మల్ని?"

"సాయం చేద్దామని వస్తే తప్పా?"

"సాయమా ఇది? మాడ్చిపెట్టినారు!"

"నువ్వు మీడియంలో పెట్టి నెల దినాలుగా ఏం ఆరబెట్టినావు? మా నాయన గది అడిగితే నేను ఏ ముఖం పెట్టుకుని మాట్లాడల్ల?"

మాట్లాడితే కదా ముఖం సంగతి. ఇది ఆయనతో అనలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు డ్రయర్ తలుపు ధడాలున మూశాను. ఇప్పుడు దాని గడియ సరిగ్గా పట్టడం లేదు.

నవంబరు 27

వరసగా రాసుకోవాలి. లేకపోతే రేపు నాకే నమ్మబుద్ధి కాదు.

పొద్దుటి విడత తిరుగుతోంది. ముందు వాసన వచ్చింది, నూగు కాలిన వాసన. తర్వాత మర వెనకనుంచి సన్నగా పొగ. స్విచ్ ఆపి, గొట్టం గోడలోకి పోయే చోట చెయ్యి పెడితే చురుక్కుమంది. అప్పుడు నాకు మడీ గుర్తులేదు, దారీ గుర్తులేదు. పెరటి తలుపు తోసుకుని పరుగెత్తాను.

దండెం మీద అత్తమ్మ చీర ఆరుతోంది. దానికి ఎదురుగా గోడలో గొట్టం. గొట్టం నోట్లో మామగారి పాత పంచె. ఉండచుట్టి, ఇంత సందు లేకుండా కుక్కి ఉంది. లాగితే లోపలివైపు మాడి ఊడి వచ్చింది. దాని వెనకాలే వేడి ఆవిరి, పొగ, నూగు అన్నీ నా ముఖాన కొట్టాయి.

అత్తమ్మ మడికర్ర పట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నారు.

"మడి ఉండాది. నువ్వు యాలొచ్చినావు ఈడికి?" అన్నారు. తర్వాత నా చేతిలో పంచె చూసి ఆగిపోయారు.

"ఇది ఎవురు పెట్టింది అత్తమ్మా?"

"నేనే."

"ఎప్పుట్నించి?"

"కార్తీకం పట్టినప్పుట్నించి. చీర ఆరేదాకనే పెడతాను. ఆరతానే కర్రతో తీసేస్తాను కదమ్మా, నీకు ఇబ్బంది లేకుండా."

నాకు ఇబ్బంది లేకుండా!

నెల రోజుల పొద్దుటి పూటలన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. పొద్దున తడి, సాయంత్రం పొడి. వాన పడితే చీర రోజంతా ఆరదు, రోజంతా తడి. ఆమె బాగేపల్లి పోతే పొడి. చలి కాదు, ఓల్టేజి కాదు, థర్మోస్టాట్ కాదు. నేను నందీశ్‌ను కూడా దండెం ఖాళీ అయ్యాకే పెరట్లోకి తీసుకుపోయాను. మడి తప్పకూడదని!

"ఎవురెవురో పండుకొన్న దుప్పట్లు," అన్నారు అత్తమ్మ, మెల్లగా. "ఆ గాలి వచ్చి నా చీర మింద పడతాంటే మడి ఎట్ల నిలస్తాది?"

"నాతో ఒక మాట చెప్పకూడదా?"

"చెప్తే ఇంట్లో మాటవుతాది. మీ మామ మొదలే గది గది అంటాండాడు. మైల అని నేను ఒక్క మాటన్నా చాలు, మర్నాడే మిషన్ ఎత్తించేస్తాడు. నీ పనికి నేనెందుకు అడ్డం రావాల? అందుకే నా పాటికి నేను మూసుకొంటాంటి."

"మూత పెడితే ఇగరదని మీరే కదా చెప్పింది!" అని అరిచాను. "ఆవిరి పోకుంటే మాడేదే అని మీరే కదా అన్నది! ఇల్లు తగలబడిపోయేది అత్తమ్మా!"

అవును, అరిచాను. అత్తమ్మ మీద అరవడం ఇదే మొదటిసారి. ఆమె మాడిన పంచెను చూస్తూ నిలబడ్డారు. "కూర మాదిరేనా ఇదీ?" అన్నారు. అంతే. నేను అడుగుపెట్టినందుకు మడి పోయింది కాబట్టి, మళ్లీ స్నానం చేసి, చీర మళ్లీ ఉతకడానికి బోరు కుళాయి వైపు పోయారు.

ఆమె దుర్మార్గురాలైతే ఎంత సుఖంగా ఉండేది. హాయిగా కోపగించుకునేదాన్ని.

నవంబరు 28

యశస్‌కు చెప్పలేదు. చెబితే మామగారికి తెలుస్తుంది, తెలిస్తే ఆమె అన్నట్టే అవుతుంది. కక్కలేక మింగలేక ఉన్నాను. నూగు ఇరుక్కుని పొగ వచ్చిందని చెప్పాను.

గొట్టం తెరిచే ఉంది. మర అద్భుతంగా పనిచేస్తోంది. మీడియం వేడి, మొదటి విడతకే పొడి.

"చూసినావా?" అన్నాడు యశస్. "ఫుల్లు పెట్టినావు కదా?"

"ఆ," అన్నాను.

అత్తమ్మ చీరను లోపల దేవుడి గదిలోనే ఆరేసుకుంటున్నారు. గాలి లేదు, ఎండ లేదు. ఇవాళ చెమ్మ చీరే కట్టుకున్నారు. మేడ మీద వేయమన్నాను. మోకాళ్లు మెట్లెక్కనివ్వవు. నేను తీసుకుపోతానంటే, నా చెయ్యి తగిలితే అది మడి కాదు. పొద్దున మర ఆపుదామంటే లాడ్జి బండికి దుప్పట్లు అందవు. గొట్టం అటువైపు తిప్పుదామంటే పక్కింటి ఆంజనేయప్ప వంటింటి కిటికీ. ఎటు పోయినా గోడే.

సాయంత్రం నుంచి ఆమె దగ్గుతున్నారు.

నవంబరు 30

వాన. ఎక్కడో సముద్రంలో తుఫానట. దాని కోపమంతా చింతామణి మీద.

దగ్గు ఎక్కువైంది. మర బాగా పనిచేస్తోంది. ఇంత బాగా పనిచేసే మరను చూస్తే ఇంత చిరాకు ఎందుకు వస్తుందో!

డిసెంబరు 1, ఆదివారం

పొద్దున్నుంచి వానా ఆగలేదు, కరెంటూ లేదు. మునినారాయణ దుప్పట్లన్నీ ఉతికిన తడితో గుట్టపడి ఉన్నాయి. సాయంత్రం బండి వస్తుంది. ఇవాళే ఆ ఆదివారం.

రేపు మామగారి తండ్రి తిథి. ఏటా తిథివంట అంతా అత్తమ్మే, మడితో, పచ్చిమంచినీళ్లు కూడా ముట్టకుండా వండుతారు. ఆ చీర నిన్ననే ఉతికారు. దేవుడి గదిలో ఇంకా నీళ్లు కారుతూనే ఉంది.

"ఆరకుంటే ఏమి, తడిమడి కట్టుకో," అన్నారు మామగారు దర్భలు సర్దుకుంటూ. "పోయినేడు కట్టుకోలేదా?"

ఆమె దగ్గుతూనే తలూపారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయనకు చన్నీళ్ల స్నానం అంటే మాత్రం ముందురోజు నుంచే ఒళ్లునొప్పులు!

మధ్యాహ్నం దాటాక కరెంటు వచ్చింది. ఉన్న సమయమంతా కలిపినా దుప్పట్లకు సరిగ్గా చాలుతుందో లేదో. మొదటి విడత డ్రమ్ములో వేస్తుంటే కిటికీ అవతల అలికిడి. చూస్తే అత్తమ్మ. కర్ర చివర తడిచీర వేసుకుని, చూరు కింద గోడవారనే నడుచుకుంటూ వచ్చారు. గొట్టానికి ఎదురుగా, చూరు కిందే ఉన్న దండెం మీద చీర వేశారు.

"అమ్మా," అన్నారు కిటికీలోంచి, నా ముఖం చూడకుండా. "ఉత్త మిషన్ తిప్పుతావా? లోపల ఏ గుడ్డలూ లేకుండా. గాలి ఒకటే వచ్చేట్ల."

నేను దుప్పట్ల గుట్టను చూశాను. బల్ల మీద ఫోన్ మోగుతోంది, మునినారాయణే. నెల రోజులు ఈ మరతో నేను పడిన పాట్లన్నీ ఇవాళ సాయంత్రం కోసమే. ఉత్త డ్రమ్ము తిప్పితే ఈ గుట్ట గుట్టగానే ఉంటుంది. బండి వచ్చి ఖాళీగా పోతుంది. గది పోతుంది.

ఆమె మళ్లీ దగ్గారు.

నేనేం ఆలోచించానో గుర్తులేదు. తిట్టుకుంటూనే డ్రమ్ములోంచి దుప్పట్లు బయటికి లాగడం మొదలుపెట్టాను.

"అవి యాల తీస్తాండావు?"

"మీ చీరకు అత్తమ్మా. మీరే కదా ఉత్తది తిప్పమంటిరి."

"మరి వాళ్ల బండి?"

"వస్తాది, పోతాది."

ఆమె కిటికీలోంచి దుప్పట్ల గుట్టను చూశారు. తర్వాత అడిగారు.

"ఉతికినవే కదా అవి?"

"ఆ. రెండు తూర్లు."

"యా నీళ్లు?"

"యా నీళ్లేమి అత్తమ్మా. మన బోరు నీళ్లే."

"నా చీరా ఆ నీళ్లతోనే కదా ఉతికింది," అన్నారు. తనకు తానే చెప్పుకున్నట్టు ఉంది. తర్వాత కర్రతో గోడ మీద ఒకసారి తట్టి, "వెయ్యి. లోపలికి వెయ్యి," అన్నారు.

వేశాను. మర తిరిగింది. గొట్టంలోంచి గాలి వచ్చింది. అత్తమ్మ అరచెయ్యి అడ్డం పెట్టి చూసి ముఖం చిట్లించారు.

"తడిగాలి కదే ఇది!"

"ముందు దుప్పట్ల నీళ్లన్నీ బయటికి పోవాల. పోయినాక పొడిగాలి వస్తాది. మీ కూర మాదిరే."

"చీర పాతది. మాడ్చొద్దు."

"మీడియంలోనే ఉండాది."

ఆమె కదలకుండా అక్కడే నిలబడ్డారు, పాలు పొంగుతాయేమోనని కాచుకున్నట్టు. ఒక విడత తీసి ఇంకో విడత వేశాను. మధ్యలో గాలి పొడిబారింది. చీర ముందు అంచు దగ్గర కదిలింది, తర్వాత నిండా గాలి పోసుకుని ఉబ్బింది. చివరి విడతకు దుప్పట్లు ఆరాక కూడా మర ఆపలేదు. వేడి బాగా తగ్గించి ఊరికే తిరగనిచ్చాను. అంత సన్నటి సెగ మీద గుడ్డ ఆరబెట్టడం నాకూ కొత్తే. ముట్టుకుని చూడకూడని గుడ్డ కదా. ఆరిందో లేదో ఆమె కళ్లను బట్టే తెలుసుకోవాలి.

అప్పుడే మామగారు గొడుగు వేసుకుని పెరటి తలుపు దగ్గరికి వచ్చారు.

"ఏమే ఇది? లాడ్జి దుప్పట్ల గాలికి మడి ఆరబెడతాండావా? మా నాయన తిథికి?"

"నీళ్లు పడినాక మైల యాడుంటాది?" అన్నారు అత్తమ్మ, చీర మీంచి చూపు తిప్పకుండా. "తడిమడి కట్టుకొని పొయ్యి ముందర దగ్గేది నేను. మీరు పొయ్యి దర్భలు చూసుకోండి."

ఆయన గొడుగు ముడుచుకుని లోపలికి పోయారు.

మునినారాయణ బండితోపాటు తానే వచ్చాడు. ఒక్కొక్క దుప్పటి అంచు వేళ్లతో నలిపి చూశాడు. చివరికి "ఊ" అన్నాడు. ఆ ఊ కోసం నేను నెల రోజులు చచ్చాను.

డిసెంబరు 2

తిథి అయింది. అత్తమ్మ పొడిమడితో వండారు. దగ్గు తగ్గలేదు గానీ వణుకు లేదు.

భోజనాలయ్యాక, చుట్టాలంతా ఉండగానే, మామగారు తాంబూలం నములుతూ అందుకున్నారు.

"కార్తీకం అయిపాయ. రేపట్నించి ఆ గది..."

"ఏటా ఈ తిథికి వానే," అన్నారు అత్తమ్మ వంటింటి గడపలోంచి. "గది తీసేస్తే నా మడి యాడ ఆరబెట్టుకోవాల? మీ తలమిందనా?"

చుట్టాలు నవ్వారు. మామగారు నవ్వలేదు. ఏమనగలరు? ఆ గాలికి ఆరిన చీరతో వండిన పిండమే పొద్దున తండ్రికి పెట్టి, దండం పెట్టుకున్నారు. దాన్ని ఇప్పుడు తప్పంటే తిథే తప్పవుతుంది. కాసేపు నమిలి, "ఆంజనేయప్ప షెడ్డు ఖాళీగా ఉండాది కదా, అడిగి చూస్తాం," అన్నారు. యశస్ నావైపు చూసి, తానే గెలిపించినట్టు కళ్లెగరేశాడు.

నెల రోజులు! ఆమె ఈ మాట దీపావళి నాడే అనుంటే నా దుప్పట్లు, నా గలేబులు, నా డ్రయర్ గడియ, నా నిద్ర, అన్నీ మిగిలేవి. సంతోషంగానే ఉంది. కానీ తలుచుకుంటే మళ్లీ ఒళ్లు మండుతోంది.

డిసెంబరు 6

తడి.

నమ్మలేక మళ్లీ ముట్టుకుని చూశాను. తడే! పెరట్లోకి పరుగెత్తాను. ఇప్పుడు నాకు గొట్టం దాకా పోవడానికి అనుమతి ఉంది.

రేపటి సుబ్రహ్మణ్యషష్ఠికి అత్తమ్మ మడిచీర. బాగా ఆరాలని గొట్టం మూతికి అతికించినట్టు వేసి ఉంది. దాని పక్కన మామగారి పంచె. ఆ పక్కన యశస్ తువ్వాలు. నెల రోజులు మైల అని మూసిన గొట్టాన్ని ఇప్పుడు అందరూ కలిసి ప్రేమతో మూశారు.

పంచెనూ తువ్వాలునూ లాగి అవతల పడేశాను. చీర దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. దాన్ని నేను ముట్టుకోలేను.

"అత్తమ్మా!" అని అక్కడినుంచే కేకేశాను. "మూరెడు దూరం! గొట్టానికి మూరెడు దూరం ఉండల్ల. గాలి బయటికి పోకుంటే మీదీ ఆరదు, నాదీ ఆరదు!"

ఆమె లోపలినుంచి నెమ్మదిగా వచ్చారు. నన్ను చూశారు, గొట్టాన్ని చూశారు. ఏదో గొణిగారు, వినబడలేదు. తర్వాత కర్ర అందుకుని, దండెం మీద చీరను వెనక్కి జరిపారు.

"చాలునా?"

"ఇంకొంచెం."

నా మాటకు మడి ఇంకొంచెం జరిగింది.